సిర్కా అయూబ్ జాడీలు

వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దాటి ఎడమచేతి సందులోకి తిరిగాక, సిర్కా అయూబ్ ఇల్లెక్కడని ఎవర్నీ అడగక్కర్లేదనేవారు. ముక్కుంటే చాలు. నాకు ముక్కుంది. పైగా అప్పటికి రెండేళ్ళుగా ఈస్ట్ మీద పీహెచ్‌డీ వెలగబెడుతున్నాను కాబట్టి ఆ ముక్కు మీద కొంచెం పొగరు కూడా ఉండేది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను గానీ, ఆ పొగరుని పక్కన పెట్టి ఆయన గురించి రాయడం కుదరడం లేదు.

నేను మొదటిసారి వెళ్ళింది 2021 నవంబరులో. అయూబ్ గారికి అప్పుడు అరవై రెండేళ్ళు. బక్కపల్చటి మనిషి. మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, పులుపుకి చిట్లిన వేలికొసలు. వాళ్ళ తాత మొదలుపెట్టిన పని అది. బిర్యానీ మాస్టర్లు, పచ్చళ్ళు పెట్టే ఆడవాళ్ళు, షుగరుకి నేరేడు సిర్కా మంచిదని నమ్మే ముసలాళ్ళు, అందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు. ఇంగ్లీషులో వెనిగర్ అంటే ఆయనకి నచ్చేది కాదు.

"కాయితాల్లో నా ఇంటిపేరు సేకు అని ఉంటాదమ్మా," అన్నాడు ఆ రోజే. "ఈదిలో మాత్రం సిర్కాయే నా ఇంటిపేరు. మా తాతకీ అదే, మా అబ్బాకీ అదే. నానిచ్చి పోడానికి నా కాడ ఇంకేటీ లేదు, ఆ పేరొక్కటే."

నేను తలూపి, సంచీలోంచి గాజు గొట్టాలు తీసుకున్నాను. అవతలి మనిషి తన ఆస్తి ఏమిటో చెబుతున్నప్పుడు గాజు గొట్టాలు లెక్కచూసుకునే రకం నేను.

పెరట్లో రేకుల షెడ్డు. గోడ వారన తొమ్మిది జాడీలు, ఒక్కోటీ నా నడుం ఎత్తు. వాటి మధ్య ఇటుకల మీద పదోది, తల్లి జాడీ. దాంట్లో సిర్కా తాత కాలం నాటిది. తీసిన కొద్దీ కొత్తది పోస్తూ వచ్చారు తప్ప ఏనాడూ అడుగు కనబడనివ్వలేదు. మిగతా తొమ్మిదింటిలో అనకాపల్లి బెల్లం కరిగించిన నీళ్ళు, కాలమైతే చిదిమిన నేరేడుపళ్ళు. అలా పోసి, మూతులు తెరిచి వదిలేసేవాడు. మూడు రోజులు గుడ్డ కట్టేవాడు కాదు. పోర్టు వైపు గాలి తిరిగితే బొగ్గుదుమ్ము పడుతుంది కాబట్టి, సముద్రం మీంచి గాలి కుదురుగా వీచే రోజులు చూసుకుని మరీ బెల్లం కలిపేవాడు.

ఎందుకు తెరిచి ఉంచుతారని అడిగాను.

"మెహమాన్లు రావాలి గదమ్మా," అన్నాడు.

అతిథులంటే బంధువులు కాదు, ఈగలు. మగ్గిన అరటిపండు చుట్టూ తిరిగే ఎర్రకళ్ళ చిన్న ఈగలు. ఒకటి రెండు జాడీ అంచు మీద వాలగానే ఆయన "అస్సలామలైకుమ్" అనేవాడు, కొంత వేళాకోళంగా, కొంత నిజంగానే. మూడో రోజు సాయంత్రం వాటిని విసనకర్రతో తోలి గుడ్డ కట్టేసేవాడు. "మూడ్రోజులే విందు. తర్వాత ఎవులింటికి ఆళ్ళే."

నా చదువంతా ఆ ఈగల కాళ్ళ దగ్గరే ఉంది. ఈస్ట్ అంటే కంటికి కనబడని ఒంటరి కణం. దానికి కాళ్ళూ రెక్కలూ లేవు, ఉన్నచోట తీపి అయిపోతే చావాల్సిందే. అందుకని అది తీపిని తింటూ తింటూ పండు వాసనలు తయారుచేస్తుంది. ఎస్టర్లంటాం మేము. ఒకటి అరటిపండులా ఉంటుంది, ఇంకోటి గోళ్ళరంగులా ఉంటుంది. రోడ్డు మీద నిలబడి ఆటోని కేకేసినట్టు, ఆ వాసనతో ఈస్ట్ ఈగని పిలుస్తుంది. ఈగ వచ్చి ఈస్ట్‌నే తిని, గుడ్లు పెట్టి, కాళ్ళకీ కడుపులోనూ కొంత ఈస్ట్‌ని మోసుకుని ఇంకో తీపి దగ్గరికి పోతుంది. ఆ వాసన చెయ్యలేని ఈస్ట్ దగ్గర ఈగలు అంతగా ఆగవు. ముందు వచ్చే రకం ఈస్ట్ వాసన ఎక్కువ చేస్తుంది, ఆల్కహాల్ తక్కువ చేస్తుంది. తర్వాత వచ్చే మొండిరకం అసలు ఆల్కహాల్ పట్టిస్తుంది. అదే ఈగల కాళ్ళతో వచ్చిన బాక్టీరియా ఆ ఆల్కహాల్‌ని నెమ్మదిగా పులుపు చేస్తుంది. అదే సిర్కా.

ఒకరోజు షెడ్డులో పట్టిన ఈగని జెల్లీ పోసిన గాజుపళ్ళెంలో నడిపించి, రెండు రోజులాగి ఆయనకి చూపించాను. అది నడిచిన దారంతా చుక్కలు చుక్కలుగా ఈస్ట్ మొలిచింది. తెల్ల చుక్కలు, మీగడరంగు చుక్కలు, ఒక్కో అడుక్కీ ఒకటి. అయూబ్ గారు చాలాసేపు దాన్నే చూశాడు. భార్యని పిలిచి చూపించాడు. "సూసేవా జమాల్, మా తాత సెప్పింది అబద్దం కాదు. మనిషి సెయ్యి అక్కర్లేదు, ఆటి కాళ్ళే సాలు," అన్నాడు.

మనిషి చెయ్యి అక్కర్లేదన్న మాట దగ్గరే ఆయన బతుకంతా ఉంది. బెల్లం నీళ్ళు సిర్కా అయ్యే ముందు కొన్నాళ్ళు మద్యమై ఉంటాయి. ఆ రోజుల్లో అది హరామ్. దానంతట అదే పులిసి సిర్కా అయితే శుద్ధం. మధ్యలో మనిషి చెయ్యి పెట్టి మార్చకూడదని వాళ్ళ తాత పెట్టిన కట్టుబాటు. కావాలంటే తల్లి జాడీ సిర్కా కొంచెం కలపొచ్చు, తప్పేమీ లేదని మసీదు పెద్దాయన కూడా చెప్పాడట. ఈయన వినలేదు. కలపడు, కలియబెట్టడు, రుచి చూడడు. తల్లి జాడీని మధ్యలో తెరిచి పెడతాడు, ఈగలు అక్కడ వాలి ఇక్కడ వాలతాయి, అంతే. గుడ్డ కట్టాక కూడా ఈగలు గుడ్డ మీద ముసురుకుంటే అవి హరామ్ రోజులు. వాలినవి వాలినట్టే లేచిపోతుంటే పులుపెక్కినట్టు. నలభై రోజులకి గానీ చెంచా ముంచడు. నలభై ఏళ్ళలో ఒక్క చుక్క మధ్యరోజుల నీళ్ళు నాలిక మీద పడనివ్వలేదు. చేతి మీద చిందితే మూడుసార్లు కడుక్కునేవాడు.

నాకు మాత్రం రోజూ శాంపిల్ కావాలి. "నీ సెయ్యి నీ ఇష్టం తల్లీ. నీ సదువుకోసం తీసుకో. తిరిగి అందులో ఏటీ పొయ్యకు," అన్నాడు. మూడు నెలలు రోజూ వెళ్ళాను. కంచరపాలెం నుంచి బస్సు దిగేసరికి జమాలున్నీసా గారు టీ పెట్టి ఉంచేది. ఆవిడ నన్ను కొద్దిగా అనుమానంగా చూసేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు టీ బాగుందనే అనుకున్నాను.

కాగితం లేబుళ్ళు తడికి ఊడిపోతున్నాయి. అందుకని తెల్ల పెయింట్ మార్కర్ తెచ్చి, షెడ్డు చీకటిలో కూడా కనబడేలా జాడీల మీదే పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టాను. రోజు ఎన్నోది, తీపి ఎంత, ఆల్కహాల్ ఎంత, పులుపు ఎంత. ముందు రోజుది తడిగుడ్డతో తుడిచి కొత్తది రాసేదాన్ని.

"ఏటి రాత్తన్నావమ్మా?" అని అడిగింది జమాలున్నీసా. చెప్పాను. ఆవిడ మొహం మాడిపోయింది. "తాటిసెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నువ్వు జాడీ మీదే రాసీసేవు. ఆ మాటొక్కటీ తీసీకూడదా?"

"తీసేస్తే లెక్క కుదరదండీ," అన్నాను.

అయూబ్ గారు భార్య వైపు చూసి, "రాయనీ. ఉన్నదే గదా రాసింది," అన్నాడు. అబద్ధం ఆడటం రాని మనిషికి, నిజం వల్ల కీడు వస్తుందని తోచదు. నాకు తోచాలి. చదువుకున్నదాన్ని నేను.

2022 ఫిబ్రవరిలో ఊరి శివార్లో ఎక్కడో నాటుసారా తాగి కొందరు ఆసుపత్రి పాలయ్యారు. అక్కడినుంచి సోదాలు మొదలయ్యాయి. ఎక్కడ బెల్లం ఊట కనబడితే అక్కడ పారబోశారు. అయూబ్ గారి పెరట్లో బెల్లం మూటలున్నాయని ఎవరు చెప్పారో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు. చెప్పినవాడు దారి చూపించాడు, అంతే. సాక్ష్యం నేను రాసి పెట్టాను.

ఆ రోజు పొద్దున్న పదకొండింటికి నేను వెళ్ళేసరికి సందు నిండా జనం. షెడ్డులో నలుగురు ఖాకీ మనుషులున్నారు. అధికారి ఒకాయన జాడీల మీద నా చేతిరాతని ఫోనుతో ఫొటోలు తీస్తున్నాడు. తొమ్మిదో రోజు, ఆల్కహాల్ ఆరు పాయింట్ ఎనిమిది. తొమ్మిది జాడీల మీదా ఇంచుమించు అదే. అయూబ్ గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆ అధికారి చెడ్డవాడని రాస్తే నాకు కొంచెం తేలికగా ఉంటుంది. కాదు. అలసిపోయి ఉన్నాడు, మర్యాదగానే మాట్లాడాడు. "పెద్దాయనా, సిర్కా అంటున్నావు. సరే. ఇందులోంచి ఒక గుక్క తాగు. తాగితే సిర్కా అని రాసుకుని వెళ్ళిపోతాం," అన్నాడు.

"తాగను సార్," అన్నాడు అయూబ్ గారు.

"ఎందుకు?"

"ఇయ్యాల అది సిర్కా కాదు."

"మరేంటి?"

ఆయన జాడీల వైపు చూశాడు. గుడ్డల మీద ఈగలు నల్లగా ముసురుకుని ఉన్నాయి. "నెల్రోజులు ఆగండి సార్. అప్పుడు తాగతాను. ఇయ్యాల హరామ్," అన్నాడు.

జనంలో ఎవరో నవ్వారు. జమాలున్నీసా పరిగెత్తుకెళ్ళి తల్లి జాడీలోంచి గ్లాసు ముంచి తెచ్చింది. అయూబ్ గారు దాన్ని తీసుకుని, బిస్మిల్లా అని, అందరూ చూస్తుండగా గడగడా తాగేశాడు. అంత పులుపు తాగితే గొంతు మండుతుంది, కళ్ళలో నీళ్ళొచ్చాయి. "ఇది సిర్కా సార్. ఇది తాగతాను. దీన్ని మాత్రం ముట్టుకోకండి."

"అది తాగావు, ఇది తాగనంటున్నావు. అంటే తేడా నీకు తెలుసు," అన్నాడు అధికారి.

అప్పుడు నేను ముందుకెళ్ళాను. ఆ ఒక్కటైనా చేశానని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. ఇది రీసెర్చ్ అనీ, ఈ రాతలు నావనీ చెప్పాను. అధికారి నా ఐడీ కార్డు చూసి, "ఇంత ఆల్కహాల్ తయారవుతున్న చోట పని చెయ్యడానికి మీ డిపార్ట్‌మెంట్ అనుమతి తీసుకుందా? కాగితం ఉందా?" అని అడిగాడు. లేదు. ఎవరికీ తట్టలేదు. "అయితే ఈ సరుకు మీదా?" అన్నాడు.

మా నాన్న రైల్వే గ్యాంగ్‌మన్‌గా చేసి కట్టిన ఫీజులు గుర్తొచ్చాయి, గైడ్ గారి మొహం గుర్తొచ్చింది. నా నోట్లోంచి ఈ మాట వచ్చింది: "కొలతలు నావే సార్. జాడీలు మాత్రం ఆయనవి."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయూబ్ గారు నా వైపు చూడలేదు. "అవును సార్, జాడీలు నాయే," అన్నాడు.

పారబోశారు. తొమ్మిదీ అయ్యాక పదోది కూడా. తల్లి జాడీని ఇద్దరు మనుషులు ఇటుకల మీంచి దించబోతుంటే జారి పగిలింది. వాళ్ళు కావాలని చెయ్యలేదు. తాత కాలం నాటి పులుపంతా సందు కాలవలోకి పోయింది. ఆ మధ్యాహ్నం వీధి వీధంతా అరటిపండు వాసన. కాలవ పొడుగునా ఈగలు. ఇద్దరు తాగుబోతులు కాలవ దగ్గర చతికిలబడి ముక్కులు ఎగబీల్చారు. దాన్ని చూసి పిల్లలు నవ్వారు. ఆయన్ని జీపులో ఎక్కిస్తున్నప్పుడు జమాలున్నీసా నా చేతిలోంచి మార్కర్ లాక్కుని అదే కాలవలో పారేసింది. కొట్టినా బాగుండేది.

పన్నెండు రోజులకి బెయిలు వచ్చింది. ఆయన బయటికి వచ్చేసరికి పేరు మారిపోయి ఉంది. సారా అయూబ్. ముందు పిల్లలన్నారు, తర్వాత పెద్దలు నవ్వుతూ అన్నారు, చివరికి నవ్వకుండానే అనడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ళు చుక్క ముట్టని మనిషి ఆయన. శుక్రవారం మసీదులో ముందు వరసలో నిలబడే మనిషి, వెనక స్తంభం చాటుకి జరిగాడు. ఎవరూ జరగమని అనలేదు.

లాయరు నా దగ్గరికి వచ్చాడు. ఒక ఉత్తరం చాలన్నాడు. ఆ జాడీల్లోది మధ్య దశలో ఉందని, ఆల్కహాల్ దాటకుండా సిర్కా కాదని, ముందు బాచీలో నలభై రోజులకి సిర్కా అయినట్టు కొలతలు ఉన్నాయని రాసి సంతకం పెట్టాలి. కొలతలు నా దగ్గర ఉన్నాయి. ముందు బాచీ గ్రాఫు నా గోడకి అంటించి ఉంది. మా గైడ్ గారు, "అనుమతి లేకుండా చేశామని మనమే రాసిస్తామా? నీ థీసిస్ ఆగిపోతుంది, ఆలోచించుకో," అన్నారు. ఆలోచించుకున్నాను. ఆయన సంతకం లేకపోయినా నా సంతకంతో ఇవ్వొచ్చు. లాయరు రెండుసార్లు ఫోను చేశాడు. మూడోసారి నేను ఎత్తలేదు.

కేసు 2023లో తేలింది. కోర్టులో అయూబ్ గారిని అడిగారట, ఆ రోజు ఆ జాడీల్లో మద్యం ఉందా అని. లేదని చెప్పమని లాయరు వందసార్లు చెప్పి పెట్టాడు. ఆయన "ఆ రోజుకి ఉందండి," అన్నాడు. నేరం ఒప్పుకున్నట్టు రాసుకున్నారు. జరిమానా వేసి వదిలేశారు. సారా కాచిన మనిషని కాగితం మీద కూడా పడిపోయింది.

నాకు డాక్టరేటు వచ్చింది. వైవా రోజు ఒక ఎగ్జామినర్ నా గ్రాఫు మీద వేలు పెట్టి, "ఈ బాచీ గీత తొమ్మిదో రోజు దగ్గర ఆగిపోయిందేం?" అని అడిగారు. "శాంపిల్ పోయింది సార్," అన్నాను. ఆయన తలూపి పేజీ తిప్పారు. బయటికి వచ్చాక అందరూ స్వీట్లు పంచుకున్నారు, నేనూ తిన్నాను.

అయితే నా దగ్గర ఒకటి మిగిలింది. మొదటి వారంలోనే తల్లి జాడీలోంచి తీసిన శాంపిల్‌ని మా డీప్ ఫ్రీజర్లో దాచాను. ఆ జాడీ బాక్టీరియా, షెడ్డు ఈగల కాళ్ళ మీది ఈస్టులు, అన్నీ చిన్న చిన్న గొట్టాల్లో బతికే ఉన్నాయి. వాటిని లేపి, పెంచి, ఒక సీసాడు సిర్కా చెయ్యగలిగాను. రుచి చూశాను. అదే పులుపు, చివర్న అదే నేరేడు వాసన. ఏడుపొచ్చింది. ఆయన జాడీని ఆయనకి ఇచ్చేస్తే ఎంతో కొంత దిద్దుకున్నట్టు అవుతుందనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు. తెలిసే, 2024 వానాకాలంలో ఆ సీసా పట్టుకుని వన్‌టౌన్ వెళ్ళాను.

ఈసారి ముక్కు దారి చూపించలేదు. షెడ్డు రేకులు తీసేసి ఎవరికో బైకులు పెట్టుకోడానికి ఇచ్చారు. ముందుగదిలో కొట్టు ఉంది. అగ్గిపెట్టెలు, సబ్బులు, ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళలాంటి తెల్ల వెనిగర్. ఉత్త యాసిడ్‌లో నీళ్ళు కలిపిన కంపెనీ సరుకు. అయూబ్ గారు సన్నబడిపోయాడు. నన్ను గుర్తుపట్టి, స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. జమాలున్నీసా లోపలినుంచి తొంగి చూసి తలుపు దగ్గరగా వేసుకుంది.

"దీనికి మెహమాన్లు రావమ్మా," అన్నాడు నా చూపు తెల్ల సీసాల మీద ఉండటం చూసి. "మూత తీసి ఎట్టినా రావు. శుబ్రంగా ఉంటాది."

నేను సీసా బల్ల మీద పెట్టాను. అది ఏమిటో చెప్పాను. మీ తల్లి జాడీ బతికే ఉంది బాబాయ్, అన్నాను. అంతకు ముందెప్పుడూ బాబాయ్ అనలేదు.

ఆయన మూత తీసి వాసన చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లో ఎక్కడో గిన్నె చప్పుడైంది. నాకు ఆశ పుట్టింది.

"ఎలగ సేసేవు?" అని అడిగాడు.

చెప్పాను. ఫ్రీజర్లోంచి తీసి, ఒక్కోదాన్నీ విడదీసి, కడిగి, పెంచి, ఏది ముందు వెయ్యాలో ఏది తర్వాత వెయ్యాలో చూసి, నేనే కలిపాను.

"ఈగలు?"

"ఈగలు లేవు. లాబ్‌లో రానివ్వం."

"అయితే అంతా నీ సెయ్యే."

"అవును."

ఆయన మూత జాగ్రత్తగా బిగించాడు. సీసా మీద నేను రాసిన లేబులు కేసి చూశాడు. తారీకు, పులుపు శాతం, ఆల్కహాల్ సున్నా. ఆ సున్నా కింద ఆయన కోసమే గీత గీసి తెచ్చాను. దాని మీద చిట్లిన బొటనవేలితో ఒకసారి రుద్దాడు. తర్వాత సీసాని రెండు చేతులతో ఎత్తి, కోపం లేకుండా, నేను మర్చిపోయిన వస్తువేదో తిరిగి ఇచ్చినట్టు నా ఒళ్ళో పెట్టాడు.

"కొలతలు నీయన్నావు ఆ రోజు," అన్నాడు. "ఇప్పుడు జాడీ కూడా నీదే తల్లీ. తీసుకెళ్ళు."

వీధిలోంచి ఎవరో ఆయన్ని ఆ కొత్త పేరుతో పిలిచి, సబ్బు కావాలన్నారు. "వత్తన్నాను," అంటూ ఆయన లేచాడు.